వసూలుకెళ్లిన కొడుకు

"నా కొడుకును ఏం చేశావురా, బాకీ ఎగ్గొట్టినోడా!"

మొరేనికె అరుస్తూ అడెషినా వాకిట్లోకి దూసుకొచ్చింది. ఆమె దగ్గర అరువు మీద బట్టల మూటలు తీసుకుని, చెప్పాపెట్టకుండా ఇంగ్లీషువాళ్ల హద్దు దాటి ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని కేతూ ఊరికి పారిపోయిన మనిషి అడెషినా. ఇంగ్లీషు కోర్టు కాగితం ఇక్కడ చెల్లదు. అందుకే కొడుకు అజెవోలెను వసూలుకు పంపింది. సంతలు గడిచిపోతున్నా వాడు తిరిగి రాలేదు. ఫ్రెంచివాళ్లు పటాలంలోకి ఈడ్చుకుపోయారో, దారిలో పాము కరిచిందో, అన్నంలో విషం పెట్టారో... నడిచినంత దూరం ఆమె కళ్లముందు అన్నీ జరిగిపోయాయి.

"నీ కొడుకా? అడుగో," అన్నాడు అడెషినా నీరసంగా.

అజెవోలె గుమ్మానికి అడ్డంగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. వాళ్ల ఇజెషా తెగ బట్టల వర్తకుల పద్ధతి అది. బాకీ చేతిలో పడేదాకా బాకీదారు గుమ్మం వదలరు.

మొరేనికె వాడి ఒళ్లంతా తడిమింది. "కొట్టారా నాన్నా? కాళ్లు పడిపోయాయా? మొహం ఇలా వాచిందేంటి?"

"వాచలేదమ్మా. బాగా తింటున్నా."

ఇంతలో అడెషినా కూతురు అషాబి పెండలం ముద్ద, చేపల పులుసు తెచ్చి వాడి ముందు పెట్టింది. మొరేనికె పళ్లెం లాగేసింది.

"ముట్టుకోకురా! మందు పెట్టుంటారు."

అషాబి ఓ ముద్ద తుంచి, పులుసులో అద్దుకుని తినేసింది.

"ఉప్పు తగ్గింది పెద్దమ్మా. మందేం లేదు."

అయినా మొరేనికె కొడుకు రెక్క పట్టుకుని లాగింది. "లే నాన్నా, పోదాం. డబ్బు పోతే పోయింది. ఊరి మొదట్లో సిపాయిలున్నారు. వయసు కుర్రాడు కనిపిస్తే తాడు కట్టి తీసుకుపోతారట!"

"బాకీ రాకుండా లేస్తే మనవాళ్లలో తలెత్తుకోగలమా అమ్మా?"

"అయితే బాకీ నేనే వదిలేస్తున్నా! అందరూ వినండి, ఈ అడెషినా నాకు చిల్లిగవ్వ కూడా..."

"అమ్మా!" అజెవోలె ఆమె నోరు మూశాడు. "ఆ మాటనకు. నీకు దణ్ణం పెడతా."

అడెషినా ఇక ఆగలేకపోయాడు. లోపలికెళ్లి ఒక మూట తెచ్చి మొరేనికె చేతిలో కుక్కాడు.

"తల్లీ, పత్తి అమ్మిన రోజే నీ డబ్బు మొత్తం వీడి ముందు పెట్టాను. తీసుకోడే! ఫ్రాంకులు వద్దన్నాడు. షిల్లింగులు మార్చి తెస్తే మాసిపోయాయన్నాడు. తీసుకుంటే లేవాల్సొస్తుందిగా! అషాబి పొలానికెళ్లిన రోజు అన్నం కూడా ముట్టడు. నా ఇంట్లోకి నేను దొంగలా వీణ్ని దాటుకుని పోతున్నా. నీకు పుణ్యముంటుంది, తీసుకుపో!"

అజెవోలె నేల చూపులు చూశాడు. అషాబి తలగుడ్డ అంచు మొహానికి అడ్డం పెట్టుకుంది, కానీ లోపలికి పోలేదు.

మొరేనికె ఆ పిల్లను, కొడుకును మార్చి మార్చి చూసింది. బయల్దేరినప్పటి నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది. మూట తిరిగి అడెషినా చేతిలోనే పెట్టింది.

"నీ పిల్లకు మేమిచ్చే ఓలి కింద ఉంచు," అని కొడుకు పక్కనే గుమ్మానికి అడ్డంగా గొంతుక్కూర్చుంది.

"పిల్లనిస్తాననేదాకా నేనూ లేవను, అన్నయ్యగారూ!"