పద్నాలుగు అడుగుల దారి

భవానీపురంలో కొత్తగా వెలసిన కాలనీ చివర, పేట వైపున, అడ్డంగా ఒక గోడ లేస్తోంది.

అది 1974 మే నెల.

నీళ్ల కావడితో వచ్చిన ముసలివాడు గోడ ముందు ఆగాడు. అతని పేరు ఆమోసు. కాలనీ వెనుక పేటలో ఉంటాడు. పేటకు కుళాయి లేదు. మెయిన్ రోడ్డు మీది కుళాయి నుంచి, కాలనీ వీధిగుండా, మంచాన పడిన భార్య రూతుకు రోజూ రెండు బిందెల నీళ్లు మోసుకుపోతాడు.

కాలనీ సంఘం కార్యదర్శి వెంకటకృష్ణారావు మేస్త్రీ పక్కనే నిలబడి పని చేయిస్తున్నాడు.

"అయ్యా, మనిషి పట్టేంత సందు వదలండి. చుట్టూ తిరిగితే మైలున్నర పడుద్ది. ఈ ఎండకి తాళలేను."

"సందు వదిలితే నీ వెనకాల పేటంతా వస్తుంది, గేదెలతో సహా. అయినా ఆమోసూ, ఇది మీ అయ్య వేయించిన రోడ్డా?"

మేస్త్రీ నవ్వాడు.

ఆమోసు కాళ్ల కింది దారిని ఒకసారి చూసుకున్నాడు.

"మా రూతు దాహానికి ఆగలేదండి" అని మాత్రం అన్నాడు.

ఆ రోజుకు గోడ మోకాలెత్తే లేచింది కనుక దాటనిచ్చారు. మూడో రోజుకు పూర్తయింది. దానిమీద నల్ల రంగుతో 'హనుమయ్య గారి వీధి' అని రాయించారు. స్థలాలు అమ్మినవాడు హనుమయ్య. మెయిన్ రోడ్డు దాకా దారి తానే వేయించానని కొన్నవారందరికీ చెప్పాడు. పొలాల నడుమ ప్లాట్లేమిటని వెనుకాడినవారు సైతం ఆ దారిని చూసే కొన్నారు.

ఆమోసు పన్నెండు రోజులు చుట్టూ తిరిగాడు. పదమూడో రోజు మధ్యాహ్నం కాలవ కట్ట మీద పడిపోయాడు, మళ్లీ లేవలేదు. వడదెబ్బ అన్నారు. రూతు సాయంత్రం దాకా నీళ్ల కోసం ఎదురుచూసిందని పాలు పోసే మాణిక్యమ్మ కాలనీలో చెప్పింది.

వెంకటకృష్ణారావు విన్నాడు. పేపరు మడిచి లోపలికి వెళ్లాడు.

జూలైలో కాలనీకి ఇంటింటి కుళాయిలు మంజూరయ్యాయి. గొట్టాలు వేయాలంటే మెయిన్ రోడ్డు దాకా ఉన్న దారి అందరిదని రుజువు కావాలని ఇంజనీరు కోరాడు. హనుమయ్యను అడిగితే, తన దగ్గర కాగితమేదీ లేదని చెప్పి మాట మార్చాడు.

చివరకు రిజిస్ట్రారు ఆఫీసులో వెంకటకృష్ణారావుకు ఆ దారి దాన దస్తావేజు అసలు ప్రతే దొరికింది. గుమాస్తా చదివి వినిపించాడు.

"నా పొలములో పద్నాలుగు అడుగుల వెడల్పు దారిని, కాలనీవారును పేటవారును సమానముగా నడుచుటకై, ప్రతిఫలము లేకుండా ఇచ్చితిని. ఎవరైనను అడ్డము కట్టినచో ఈ దానము రద్దగును."

వెంకటకృష్ణారావు బల్ల మీదికి వంగాడు.

"ఆ దాత ఎవరో చెప్పండి. గోడ ఉన్నా అభ్యంతరం లేదని ఒక్క సంతకం పెట్టించుకొస్తాను."

గుమాస్తా కాగితాన్ని అతనివైపు తిప్పి, చివరి వరుస మీద వేలు ఉంచాడు.

అక్కడ, బడికి వెళ్లని చేతితో ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చేసిన సంతకం ఉంది: కొండేటి ఆమోసు.