ఇసుకదిబ్బ వ్యాజ్యం

ఏటి మధ్యనున్న ఇసుకదిబ్బ డిప్పమ్మ అనే తాబేలుకీ, తీతువు పిట్టలకీ ఉమ్మడి సొత్తు. అందరూ అక్కడే గుడ్లు పెట్టుకునేవారు. ఎక్కడినుంచో ఒక ఉడుము వచ్చి, ఆ దిబ్బలో బొరియ తవ్వుకుని, కంటపడిన గుడ్డునల్లా మింగసాగింది.

డిప్పమ్మ వెళ్లి, అడవిలో తగవులు తీర్చే ఏనుగుతో మొరపెట్టుకుంది.

"ఉమ్మడి నేల మీద నువ్వొక్కదానివే దావా వెయ్యడానికి లేదు," అంది ఏనుగు. "వాటాదారులంతా నీతో రావాలి. రాని వాళ్లని ప్రతివాదులుగా ఉడుము పక్కన నిలబెడతాను. తీర్పు వాళ్లకీ వర్తిస్తుంది."

డిప్పమ్మ తీతువుల్ని బతిమాలింది.

"ఉడుముతో పగ మనకెందుకు వదినా? పరువుగా బతికేవాళ్లం," అని అవి ముక్కులు తిప్పుకున్నాయి.

"పోయిన వాటిలో మీ గుడ్లూ ఉన్నాయి కదే."

"మళ్లీ పెట్టుకుంటాంలే."

విచారణ రోజున తీతువులు ఈకలు సర్దుకుని, ఉడుము పక్కన బుద్ధిగా బారు తీరాయి. "వాటాదారులంతా నావైపే ఉన్నారు, చూడండి," అని ఉడుము అంటే ఒక్కటీ కాదనలేదు. పైగా తలలూపాయి.

ఏనుగు బొరియ తవ్వించి, లోపలి గుడ్డు పెంకులు చూసి తీర్పు చెప్పింది. "ప్రతివాదులంతా దిబ్బ ఖాళీ చెయ్యాలి."

తీతువులు లబోదిబోమంటూ తాబేలు చుట్టూ మూగాయి. "మనసులో మేం నీవైపే కదా వదినా, ఏనుగుతో చెప్పవూ?"

"మీ మనసు నాకెలా కనబడుతుందే?" అంది డిప్పమ్మ, ఇసుక తవ్వుకుంటూ. "కాళ్లు ఎక్కడున్నాయో మాత్రం అందరం చూశాం."