ఉక్కుకొమ్ము వర్ణన

"గీ ఉక్కుకొమ్ము నడవది," అంటూ పండరి పోస్టుకార్డును నీల ముందుకు తోసేశాడు. "ఇట్ల రాస్తే ఆటల ఎట్ల తీసుకుంట?"

నీల తండ్రి సోమ్లాకు ఒళ్లు మండింది. తండా నుంచి బాన్సువాడ దాకా ఎండలో నడిచొచ్చింది పండరి వాకిట్లో ఈ ముచ్చట వినడానికి కాదు.

"ముందుగాల తూము సంగతి చెప్పు పటేలా. మా వంతు మొదలై మూడొద్దులాయె. వరి పొట్ట మీదున్నది. ఇంక నాలుగొద్దులు నీళ్లు రాకుంటే గడ్డి సుత మిగలది."

"ఎత్తుత తియ్యి సోమ్లా, ఫికర్ చెయ్యకు. నా చెరుకు తడవంగనే ఎత్తుత."

పోయిన వారం కూడా ఇదే మాట. పిల్లకాలువ తూము ఎత్తే పని, దించే పని ఆ సంవత్సరం రైతులంతా కలిసి పండరికి అప్పజెప్పారు. దించడం మాత్రం ఆయన ఏనాడూ మరచిపోలేదు.

చెరుకు తర్వాత పండరికి ప్రాణం పోస్టుకార్డుల ఆట. నాందేడ్‌లో ఉండే బావమరిది నేర్పిపోయాడు. పిట్లంలో ఒక బస్సు కండక్టరు, బిచ్కుందలో బట్టల దుకాణం గుమాస్తా, తండాలో పదో తరగతి దాకా చదివిన నీల, ఇంకా ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరికి ఒక వీరుడు. ఏడు కోటల రాజ్యంలో తన వీరుడు ఏం చేశాడో కార్డు మీద రాసి పంపితే, ఆ తర్వాత ఏం జరిగిందో పండరి తిరుగు కార్డులో రాస్తాడు. మాయవస్తువు కావాలంటే ఎవరికి వాళ్లే కల్పించుకోవచ్చు. అయితే వర్ణన చదివితే వస్తువును చేతిలో పెట్టినట్టుండాలి. ఉందో లేదో తేల్చేది పండరే. నచ్చితే కింద 'ఒప్పుకున్నాను' అని రాసి దస్కత్ చేస్తాడు. నచ్చడం అరుదు.

"దీంట్ల ఏం తక్కువైంది పటేలా?" అంది నీల. "మూడో కోట దారిల రాతిరాక్షసుడు నోరు మూసుకొని పండుకున్నడు. నెత్తిల ఉక్కుకొమ్ము పెట్టి తిప్పితే దవడ లేస్తది. నా వీరుడు దాటి పోతడు."

"అన్నీ తక్కువే. కొమ్ము ఎంత పొడుగు? నెత్తిల ఎట్ల నిలవడ్తది? రెండు కార్డులు వాపస్ పంపిన, అయినా బుద్ధి రాలే."

సోమ్లా తమ తండా భాషలో కూతురిని తిట్టాడు. పొలం ఎండుతుంటే నీకు ఆట కావాల్సొచ్చిందా అన్నాడు. నీల పండరి వైపే తిరిగింది.

"కొమ్ము కొసకు నోరుంటది పటేలా. నెత్తి లోపలున్న ఇనుప మొలకు తొడగాలె. గుండ్రటి నోరు."

పండరి పగలబడి నవ్వాడు. "గుండ్రమైతే జారదా? కల్పన అంటే నోటికొచ్చింది రాసుడు కాదు పిల్లా. ఇటియ్యి, నేనే రాస్త."

కలం తీశాడు. ఒకసారి కళ్లు మూసుకున్నాడు, తెరిచి గుమ్మంలోంచి ఇంటి లోపలి గోడ వైపు చూశాడు. ఇక చేయి ఆగలేదు.

"కాండం మూరెడు. నోరు చదరం, అంగుళంపావు. లోతు రెండంగుళాలు. ఒక మూలకు చిన్న గాడి. గా గాడి లేకుంటే ఎవని కొమ్మైనా ఎక్కుతది, ఇగ మాయ ఏముంటది?"

"గాడి ఎంతుండాలె పటేలా?"

"జొన్నగింజ పట్టాలె. అంతకన్న వద్దు."

"ఒక్కసారి తిప్పితే లేస్తదా?"

"సినిమా అనుకున్నవా? రాతి దవడ! ఎడమకు నలభై తిప్పులు. కుడికి తిప్పితే దిగి కూసుంటది."

రాసింది రెండుసార్లు పైకి చదువుకున్నాడు. తన వర్ణన తనకే ముద్దొచ్చింది. 'ఒప్పుకున్నాను' అని రాసి, తేదీ వేసి, దస్కత్ చేశాడు.

"ఇప్పుడు చూడు. చేతుల పెట్టినట్టు లేదూ?"

"ఉన్నది పటేలా," అంది నీల. కార్డును ఓణీ కొంగున ముడేసుకుంది.

సోమ్లా వెళ్తూ వెళ్తూ తూము సంగతి మళ్లీ అడిగాడు. "చెప్పిన గద!" అని పండరి విసుక్కున్నాడు.

మూడో రోజు పొద్దున పండరి చెరుకు దగ్గరికి వెళ్లేసరికి మడిలో నీళ్లు లేవు. తూము తలుపు పైదాకా లేచి ఉంది. నీళ్లు తండా వైపు బిరబిరా పారుతున్నాయి.

ఆయనకు మతి పోయింది. తలుపు ఎత్తే పిడి ఇంట్లో గోడకు వేలాడుతూనే ఉంది, చెప్పులు తొడుక్కుంటూ చూశాడు కూడా. తలుపును లేపే మర మొల మూరెడు లోతు ఇనుపగొట్టం అడుగున ఉంటుంది. దాని కొలత బయటివాళ్లకు తెలిసే వీలే లేదు. అయినా గొట్టంలో నల్లగా మెరుస్తున్న కొత్త పిడి ఒకటి నిలబడి ఉంది.

కాలువ గట్టున పరుగెత్తాడు. సోమ్లా తన మడిలో చీలమండల లోతు నీళ్లలో నిలబడి నోరారా నవ్వుతున్నాడు. నీల గట్టు మీద ఉంది.

"దొంగపిడి చేయించిండ్రా? ఏ కమ్మరోడు చేసిండు? వానికి కొలతలు ఎవడు చెప్పిండు? రేపే పంచాయతీ పెట్టిస్త!"

"పెట్టియ్యి పటేలా," అంటూ నీల కొంగు ముడి విప్పి బొగ్గు మరకలు పడ్డ కార్డు తీసింది. "అందరి ముందట గిదే సదువుత. కింద దస్కత్ సుత నీదేనాయె."