సాలీడు పువ్వుకి వెలుతురు

“ఒరేయ్ డెస్, మళ్ళీ ఆ రింగ్ ఫ్లాష్ తగిలించావంటే కెమెరాని డ్యామ్‌లో గిరాటేస్తాను!” అంది మెర్ల్.

అరవై దాటిన ఆమె తమ్ముడు డెస్, ఎత్తయిన జారా చెట్ల కింద గడ్డిలో బోర్లా పడుకుని ఉన్నాడు. అతని ముక్కుకి జానెడు దూరంలో ఒకే ఒక్క సాలీడు ఆర్కిడ్. పచ్చగడ్డిలో పచ్చటి పువ్వు, సాలీడు కాళ్ళలాంటి సన్నటి రేకులు. తెలిసినవాళ్ళకి తప్ప కంటికి ఆనదు.

ఈ నేల మీద కౌన్సిల్ కార్ పార్క్ కట్టబోతోంది. సోమవారం బుల్డోజర్ వస్తుంది. ఇది అరుదైన రకమేనని రుజువు చూపిస్తే ఆలోచిస్తామన్నారు. పువ్వు పెదవి, అంటే కింది రేకు, అంచున వెంట్రుకంత పళ్ళుంటాయి. అవి ఫొటోలో విడివిడిగా కనిపించాలి. అదీ రుజువు. అధికారి లోరైన్ పదకొండింటికి వస్తానంది.

“రింగ్ ఫ్లాష్‌కి ఏమొచ్చిందక్కా? లెన్స్ చుట్టూ వెలుగు. ఎక్కడా నీడ పడదు.”

“నీడ లేకపోతే పళ్ళెలా తెలుస్తాయిరా? బోసినోరొస్తుంది.”

డెస్ వినలేదు, తీశాడు. బోసినోరే వచ్చింది. మెర్ల్ తన పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. అదే అతనికి ఎక్కువ మండింది.

“సరే, ఎండలో తీద్దాం,” అంటూ పాక్కుంటూ అవతలి వైపుకి వెళ్ళాడు. మెర్ల్ కూడా తెల్ల గొడుగు పట్టుకుని అతని పక్కన బోర్లా పడింది. ఎండ నేరుగా పడితే పువ్వుకి సున్నం కొట్టినట్టుంది. గొడుగు అడ్డుపెడితే గాలి లాక్కుపోతోంది.

“కాస్త జరుగక్కా.”

“ఎక్కడికి జరగను? కింద ముళ్ళురా!”

“పువ్వు కోసం ఆ మాత్రం ఓర్చుకోలేవా?”

“నేను ఓర్చుకుంటాలే. ముందు నీ పొట్ట జరుపు.”

పదిన్నరయింది. చివరికి మెర్ల్ మాటే నెగ్గింది. పక్కనుంచి ఫ్లాష్, దాని ముందు ప్లాస్టిక్ పాలక్యాన్ నుంచి కత్తిరించిన తెల్ల ముక్క. ఆ ముక్క కోసం పొద్దున్నే క్యానెడు పాలూ తాగేశానని ఆమె మూడోసారి చెప్పింది. ఇద్దరూ దొర్లి మూడో వైపుకి చేరారు. మోచేతులు ఆనించి, మోకాళ్ళు ముడిచి, ఊపిరి బిగబట్టారు. కెమెరా కన్ను తప్ప వాళ్ళకి వేరే కన్ను లేదు.

క్లిక్‌మంది.

పళ్ళు! ఒక్కొక్కదాని వెనకా సన్నటి నీడ. మెర్ల్ కళ్ళు చెమ్మగిల్లాయి. “కెమెరా పట్టడానికే పుట్టావురా తమ్ముడూ!”

“ఇందాక డ్యామ్‌లో గిరాటేస్తానన్నావుగా?”

“కెమెరానిరా, నిన్ను కాదు.”

సరిగ్గా పదకొండింటికి రబ్బరు బూట్లేసుకుని లోరైన్ వచ్చింది. తెర మీద ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

“అదే రకం. అనుమానమే లేదు. ఇంత మంచి ఫొటో నేనెప్పుడూ చూడలేదండీ.”

అక్కాతమ్ముళ్ళు కావలించుకున్నారు.

“ఒక్కటే ఉందా?” అడిగింది లోరైన్.

“ఒక్కటంటే ఒక్కటే!” డెస్ ఛాతీ పొంగింది.

“అయ్యో! ఒక్కటైతే కుండీలోకి మార్చేసి పని మొదలెట్టుకోవచ్చండీ. నిలబడి ఉన్న మొక్కలు కనీసం అయిదుంటేనే నేల ముట్టుకోకూడదని రూలు.”

మెర్ల్ మొహం పాలిపోయింది. డెస్ గడ్డిలోకి వంగి అటూ ఇటూ పరిగెత్తాడు. “ఉంటాయండీ, ఇక్కడే ఎక్కడో ఉంటాయి. ఒక్క అరగంట టైమివ్వండి, వెతుకుతాం!”

లోరైన్ నేల వైపు చూడటం లేదు. దగ్గరికొచ్చి, డెస్ ఉన్ని స్వెటర్‌కి అంటుకున్న నలిగిన సాలీడు పువ్వొకటి మెల్లగా ఊడదీసింది. తర్వాత పొట్ట మీద ఇంకోటి. మెర్ల్ మోకాలి దగ్గర మరోటి. అరచెయ్యి నిండింది.

“వెతకక్కర్లేదు డెస్ గారూ,” అంది లోరైన్. “ఇంకో ఆరుండేవి.”