పదిహేను దాకా

వంటింటి సింకులో మంచుముక్కలు పోసి, అందులో చేప ఆకారపు ఎరలు వదిలాడని నెవా మొగుడి మీద విరుచుకుపడింది. ఫ్రిజ్‌లో దాచుకున్న ఐసంతా అయిపోయిందట. ఇక గిన్నెలు ఎక్కడ కడగాలట.

"ఉత్త కుళాయి నీళ్ళలో చూస్తే ఏం తెలుస్తుంది? సరస్సంత చల్లగా ఉండాలి," అన్నాడు ఎల్డన్.

డెబ్బై నాలుగేళ్ళ వేళ్ళతో ఎర కొక్కేనికి సన్నటి సీసపు తీగ చుడుతున్నాడు. కుదిపితే మునగాలి, వదిలితే తేలాలి. అదీ బద్ధకంగా తేలాలి. ఫిబ్రవరి చలికి మొద్దుబారిన బాస్ చేప దేన్నీ తరమదు. కళ్ళ ముందు ఆగినదాన్నే నోట కరుచుకుంటుంది.

కొడుకు రాయిస్ తలుపు దగ్గర నిలబడి, ఆ గొడవ పక్కింట్లో జరుగుతున్నట్టు వింటున్నాడు.

మోకాళ్ళు అరిగిపోయాయి, చలి తగ్గేదాకా పడవ ఎక్కొద్దని డాక్టరు ఎల్డన్‌కు గట్టిగానే చెప్పాడు. నెవా కూడా విన్నది. అయినా రోజూ తెల్లారగానే రెండు ఫ్లాస్కుల్లో కాఫీ పోస్తూనే ఉంది. తండ్రీకొడుకులు ఒక్కరోజూ మానలేదు.

ఎల్డన్ కొడుకు భుజం ఆసరాతో పడవలోకి కాలు పెట్టడం చూసి, రేవులో కొత్తగా పనికి చేరిన ల్యూథర్ నవ్వాడు.

"పెద్దాయనా, పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చోరాదూ? నిన్ను కాయడానికే నీ కొడుక్కి రోజంతా సరిపోతోంది."

"నేను రాకపోతే చేపలు బెంగ పెట్టుకుంటాయి," అన్నాడు ఎల్డన్.

రాతి గట్టు పక్కన పడవ ఆపారు. రాయిస్ ఎర విసిరి, గాలపు కర్రను రెండుసార్లు కిందికి కుదిపి ఆపి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఎంతయింది?" అడిగాడు తండ్రి.

"ఆరు."

"పదిహేను దాకా కదపకు. పైకే లెక్కపెట్టు, నాకు వినపడాలి."

రాయిస్ లెక్కపెట్టాడు. ప్రతి విసురుకూ అదే ప్రశ్న. మధ్యలో ఇవాళ ఏ వారమని అడిగాడు ఎల్డన్. కాసేపటికి మళ్ళీ అడిగాడు. రాయిస్ విసుక్కోలేదు. రెండుసార్లూ గురువారమని ఒకే గొంతుతో చెప్పాడు.

మధ్యాహ్నం దాటాక, పద్నాలుగు అనబోతుండగా దారం బరువెక్కింది. నాలుగు పౌన్లుంటుంది చేప. రాయిస్ కొక్కెం విడిపించి, దాన్ని నీళ్ళలోనే రెండు చేతులా పట్టుకుని, తోక ఆడించేదాకా ఉండి వదిలేశాడు. చేతులు ఎర్రగా కందిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచినట్టు లేదు. చాలాసేపు నీళ్ళకేసి చూసి, "రేపు అవతలి గట్టు కింద వేసి చూస్తేనో?" అన్నాడు.

ఎల్డన్ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి కొడుక్కి అందించాడు. తిరిగి వచ్చేదాకా ఎంతయిందని మళ్ళీ అడగలేదు.

రాత్రి భోజనాల దగ్గర ప్రార్థన అయ్యాక, నెవా బీన్సూ మొక్కజొన్న రొట్టే వడ్డిస్తోంది. ఎల్డన్ చెంచా పక్కన పెట్టాడు.

"రేపట్నుంచి నేను రాను, రాయిస్. నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. నువ్వెళ్ళు."

నెవా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఒక్కడేనా?" అంది.

"ఒక్కడే."

ఆమె భర్త ముఖంలోకి చూసింది. తర్వాత కొడుకు ముఖంలోకి చూసింది. కొడుకు కంచంలో ఇంకో రొట్టె పెట్టింది.

రాయిస్ చావాలని ఆ సరస్సులోకి దిగి అప్పటికి నాలుగు నెలలు.