దొరగారి సమాధిలో మూలుగు

మూడువందల ఏళ్ళ నాటి దొరగారి రాతి సమాధిలోంచి సన్నటి మూలుగు వినిపించడంతో హెస్టర్ లాంతరు పైకెత్తి చూసింది.

చర్చి ఆవరణలో నాన్నను పూడ్చి నాలుగు రోజులే అయింది. ఆ పచ్చిమట్టికి రెండడుగుల దూరంలోనే ఉంది ఈ సమాధి. గూడు వదిలి ఎగిరిపోయిన తేనెటీగల కోసం ఆమె సాయంత్రం నుంచి వెతుకుతోంది. నాన్న మిగిల్చిన ఆస్తల్లా అవే. అవి దొరక్కపోతే ఈ చలికాలం ఇంట్లో రొట్టెముక్క ఉండదు.

"పోదాం పదక్కా, దొరగారు లేచినట్టున్నారు," అన్నాడు తమ్ముడు ఏమస్.

"ఇన్నేళ్ళు పడుకున్నవాడు నీ మొహం చూడ్డానికి లేస్తాడా? నోర్మూసుకుని ఈ లాంతరు పట్టుకో."

ఆమె మోకరిల్లి రాతి పగులుకు చెవి ఆనించింది. మూలుగు ఆగిపోయింది. ఆవరణంతా చెట్టాకు కూడా కదలనంత నిశ్శబ్దం. అంతలో ఆమె చెంప మీద ఏదో మెత్తగా పాకింది. వెంటనే లోపల వేల రెక్కలు ఒక్కసారిగా ఝుమ్మన్నాయి.

"మనవేరా!" హెస్టర్ నవ్వుతూనే ఏడ్చేసింది. "పొద్దున్నే బుట్ట తెచ్చి పట్టుకుపోదాం. అయినా ఇంట్లో మనిషి పోతే గూడు తట్టి వీటికి ఆ మాట చెప్పడం ఆచారం కదా, చెప్పకపోతేనే వెళ్ళిపోతాయి. ఆ పని నీకే కదరా అప్పజెప్పాను?"

ఏమస్ లాంతరు కింద పెట్టాడు.

"వెళ్ళానక్కా. గూడు తట్టాను కూడా. నాన్న పోయాడన్న మాట నోట్లోంచి రాలేదు. రేపొచ్చేస్తాడని చెప్పి వచ్చేశాను."