పెళ్ళికొడుకుకు ఫిట్స్

గంగన్న చూస్తుండగానే పడిపోవాలని లింబాద్రి నిశ్చయించుకున్నాడు.

పథకం అతనితో పాటు రూమ్‌లో ఉండే ఓంకార్‌ది. గిన్నెలు తోమే సబ్బు ముక్క నోట్లో పెట్టుకోవాలి. ఇసుక కుప్ప చూసుకుని దాని మీద పడాలి. కళ్ళు గట్టిగా మూసుకుని కాళ్ళూ చేతులూ కొట్టుకోవాలి. ఫిట్స్ వచ్చే మనిషిని కట్టడం మీదికి ఎక్కించే ధైర్యం ఏ కంపెనీకీ ఉండదు, కొన్నాళ్ళు ఇంటికి పంపి తీరుతుంది.

లింబాద్రి ఇంటికి వెళ్ళి తీరాలి. వచ్చే నెలలో జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో పెళ్ళి. పెళ్ళికొడుకు అతనే.

మస్కట్‌కు దూరంగా ఉన్న ఆ ఇబ్రా సైట్‌లో చుట్టీ ఇవ్వాలన్నా, ఎవరి సెలవైనా ఆపాలన్నా ఫోర్‌మన్ గంగన్న మాటే చెల్లుతుంది. ఆయనదీ జగిత్యాల వైపే. అయినా లింబాద్రి శుభలేఖ చూపించినప్పుడు ఆ ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"స్లాబ్ అయినంక చూద్దాం," అన్నాడు గంగన్న, వినపడీ వినపడనట్టు.

"అన్నా, పెండ్లికొడుకు లేకుంటె పెండ్లెట్లయితది?"

"అయితె తారీఖు మార్చుకోమను."

సైట్‌లో అందరూ ఆయన్ని చాటుగా 'సిమెంటు మొఖం' అనేది ఊరికే కాదు.

మర్నాడు పొద్దున లింబాద్రి ఇసుక మీద పడి గిలగిలా కొట్టుకున్నాడు. ఓంకార్ నేర్పిన దానికన్నా బాగానే కొట్టుకున్నాడు. గంగన్న అతన్ని కంపెనీ పికప్‌లో వేయించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మస్కట్ నుంచి వారానికోసారి వచ్చే న్యూరాలజిస్టు డాక్టర్ తన్మయి ఆ రోజు అక్కడే ఉంది. కాకినాడ అమ్మాయి. తెలుగు డాక్టరని తెలియగానే లింబాద్రికి ధైర్యం వచ్చి, ఆవిడ గదిలో ఇంకోసారి పడిపోయాడు.

తన్మయి కంగారుపడలేదు. అతని కనురెప్ప తెరవబోయింది. చెయ్యి పైకెత్తి ముఖం మీదకు వదిలింది. మూతి తుడిచి, ఆ దూదిని వాసన చూసింది. అతను లేచి కూర్చున్నాక పరీక్షలు మొదలుపెట్టింది.

"బొటనవేలూ చూపుడువేలూ గబగబా కలిపి విడదీయాలి. మీరు కంగారుగా ఉన్నారు. గంగన్న గారూ, ముందు మీరు చేసి చూపించండి."

గంగన్న కాసేపు వేళ్ళు ఆడించి, విసుగొచ్చినట్టు ఆపేశాడు.

"వరండా చివరిదాకా నడిచి రండి. ముందు మీరే, గంగన్న గారూ."

ఆయన ఎప్పటిలాగే, ఎవరి కోసమూ తొందరపడని దొరలా నడిచి వచ్చాడు. లింబాద్రి మాత్రం కావాలని తూలుతూ, గోడలు పట్టుకుంటూ నడిచాడు. ఒకచోట ఏ కాలు ఈడ్వాలో మరిచిపోయి రెండూ ఈడ్చాడు.

తర్వాత తన్మయి గంగన్నను ఎత్తూ బరువూ చూడటానికని నర్సు వెంట పంపింది. తోడు వచ్చినవాళ్ళకు కూడా ఇవన్నీ చూస్తారు కాబోలనుకున్నాడు లింబాద్రి. తలుపు మూసుకోగానే ఆవిడ అడిగింది.

"మీ ఫిట్స్‌కు నిమ్మకాయ వాసన ఎందుకొస్తోంది?"

లింబాద్రి చప్పున మూతి తుడుచుకున్నాడు.

"నిజం ఫిట్స్‌లో కళ్ళు దాదాపు ఎప్పుడూ తెరుచుకునే ఉంటాయి. మీరేమో నేను తెరవబోతే ఇంకా బిగించారు. చెయ్యి వదిలితే ముక్కును తప్పించుకుని పక్కన పడింది. స్పృహ లేని చేతికి ముక్కు మీద అంత ప్రేమ ఉండదు."

లింబాద్రి ఏడుపు మొదలుపెట్టాడు. పెళ్ళీ, చుట్టీ, సబ్బూ, ఓంకార్, అన్నీ కక్కేశాడు. "మేడమ్, మీ కాల్మొక్త. అన్నకు మాత్రం చెప్పకుండ్రి."

"చెప్పను. పైగా ఇండియాకు పంపమని కంపెనీకి రాస్తున్నాను."

"నా కోసం అబద్ధం రాస్తరా?"

"రాసేదంతా నిజమే," అంది తన్మయి.

నర్సు వెంట గంగన్న తిరిగొచ్చాడు. ఆయన ఒక్కడితో మాట్లాడాలంది తన్మయి.

"ఏమున్నా ఇద్దరి ముంగటనే చెప్పుండ్రి మేడమ్. లేకుంటె వీడు బయటికి పోయి ఇంకో తీరుగ చెప్తడు."

తన్మయి ఒక్క క్షణం ఆలోచించి తలూపింది. "పార్కిన్సన్స్ అనే జబ్బు ఇది. మెదడులో ఒక రసాయనం తగ్గితే వస్తుంది. చాలామందికి చెయ్యి వణుకుతుంది..."

లింబాద్రి కుడిచెయ్యి వెంటనే వణకడం మొదలుపెట్టింది.

"ఈ పేషెంటుకు వణుకు లేదు."

చెయ్యి టక్కున ఆగిపోయింది.

"ఒళ్ళు బిగుసుకుంటుంది. కదలికలు నెమ్మదిస్తాయి. గొంతు సన్నగిల్లుతుంది. సంతోషం కలిగినా జాలి కలిగినా ముఖం మీదికి రాదు."

లింబాద్రి ముఖాన్ని గోడలా బిగించాడు.

"పానానికి ఏమన్నా అయితదా?" గంగన్న అడిగాడు.

"భయం లేదు. పూర్తిగా పోయే జబ్బు కాదు గానీ, ఇవాళ్టి నుంచే మాత్రలు వాడితే ఏళ్ళ తరబడి బాగుండొచ్చు. మోతాదు కుదిరేదాకా మాత్రం ఎత్తులు ఎక్కకూడదు. కొన్నాళ్ళు ఇంటివాళ్ళ దగ్గర ఉంటే మంచిది. ప్రయాణంలో తోడు ఒకరుండాలి. రెండు టికెట్లు ఇవ్వమని రాశాను."

గంగన్న నెమ్మదిగా చెయ్యి చాచి లింబాద్రి తల నిమిరాడు. "నీ పానం కంటె స్లాబ్ ఎక్కువనారా? కంపెనీ నడిపే అర్బాబ్‌తోని నేను కొట్లాడుత, నువ్వు పో. కానీ మేడమ్, తోడు పోవుడు నాతోని కాదు. ఓంకార్‌ను పంపుత."

"తోడు లింబాద్రే వెళ్తాడు, గంగన్న గారూ," అంది తన్మయి, ఆయన చెయ్యి పట్టుకుని. "పేషెంటు మీరు."